ఔట్‌ర్యాంక్‌తో ఐదు వాక్యాలు

జూలై 27, 2022. బుధవారం

ఈ రోజు మాట: రిఫ్యూజ్. కాదనడం, ఒప్పుకోకపోవడం.

1. క్యాంటీన్‌వాడు కాంట్రాక్టు కూలీలకు రెండో గరిటె పప్పు రిఫ్యూజ్ చేశాడు.

2. మేనేజర్లు మేం వచ్చే గేటులోంచి రావడం రిఫ్యూజ్ చేస్తారు.

3. భిక్షపతి కాక ఇంగ్లీషు నేర్చుకోవడం రిఫ్యూజ్ చేశాడు.

మాటకు ఐదు వాక్యాలు రాయాలని నా లెక్క. మూడే వచ్చాయి, ఒళ్లు నొప్పులు. వానకు మా సిమెంటు ఫ్యాక్టరీకి క్వారీ నుంచి వచ్చే సున్నపురాయి అంతా బంకమట్టితో వస్తోంది. ఇల్లంత ఇనుప తొట్టి రోజుకు నాలుగుసార్లు పూడుకుపోతోంది. పూడుకున్నప్పుడల్లా అడుగున తిరిగే పట్టా ఆపాలి, మనిషి లోపలికి దిగి గడ్డపారతో పొడవాలి. దిగేది భిక్షపతి కాక. తలుపు దగ్గర వాకీటాకీ సెట్టు పట్టుకుని నిలబడేది నేను.

ఆయనది పందొమ్మిదేళ్ల సర్వీసు. నాది మూడేళ్లు. అయినా పోయిన నెల గ్యాంగ్ లీడర్‌గా నన్ను పెట్టారు. సెట్టులో వచ్చేది ఇంగ్లీషు, గ్యాంగులో నాలుగు ముక్కలు తెలిసింది నాకే. పదో తరగతి తప్పినవాడికి ఆ నాలుగు ముక్కలు ఎక్కడివంటే, కాక తెచ్చిచ్చిన డిక్షనరీ. ఆయన బిడ్డ మెర్సీ ఇంటర్‌లో వాడినది. అట్ట లేదు.

ఈ రోజు సెట్టు ఒకసారి ఆయన చేతిలో పెట్టబోతే వెనక్కి నెట్టాడు.

“నువ్వే పట్టుకో బిడ్డా. అది ఇంగిలీసుల మాట్లాడ్తది. నా సుత్తె తెలుగుల మాట్లాడ్తది.”

సుత్తెకు వచ్చిన మాటలు రెండే. దిగేముందు దాన్ని తలుపు పక్క తీగకు తగిలిస్తాడు. పైకి వచ్చాక తీసి తొట్టి గోడకు రెండు దెబ్బలు వేస్తాడు. ఠంగ్, ఠంగ్. బయటికొచ్చిన అని. ఏ రూలు బుక్కులోనూ లేదది. ఆయనకంటే ముందు దిగిన ఎల్లయ్య తాత పెట్టిన పద్ధతట.

“మూడోది కొడితే ఏంది కాకా?” అన్నాను.

“ఆకలైతాందని.”

ఆగస్టు 8, సోమవారం

సెట్టులో ఔట్ అని వచ్చింది. నేను విన్నాను. విన్నదే చెప్పాను.

ఆగస్టు 9, మంగళవారం

పన్నెండు రోజులైంది. ఒకసారి వరుసగా రాసి పెడతాను, తర్వాత దీని గురించి రాయను.

జూలై ఇరవై ఎనిమిది, పొద్దున పదకొండు నలభై. తొట్టి పూడింది. పట్టా ఆపారు. కాక దిగాడు. పది నిమిషాలైంది. సెట్టులో ఇద్దరు గొడవపడుతున్నారు. ఒకరు షిఫ్టు ఇన్‌చార్జి కృష్ణకాంత్ సారు, ఇంకొకరు సేఫ్టీ ఆఫీసరు రమ మేడం. సగం మాటలు బరబర చప్పుడులోనే పోయాయి. ఆ చప్పుడులోంచి కృష్ణకాంత్ సారు గొంతు గట్టిగా వచ్చింది. ఔట్ అని. వెంటనే కంట్రోల్ రూమువాళ్లు నన్ను అడిగారు, తొట్టి క్లియరా అని.

ఔట్ సార్, క్లియర్, అన్నాను.

పట్టా తిరిగింది. కాక లోపలే ఉన్నాడు.

తప్పు ఎవరిది? ఔట్ అన్నవాడిది. నేను ఔట్ అనలేదు, ఔట్ అన్నారని అన్నాను. రెంటికీ తేడా ఉంది. దవాఖానకు తీసుకుపోతుండగా చనిపోయాడని పేపర్లో వేశారు. దవాఖానకు తీసుకుపోయింది మనిషిని కాదు. నేను చూశాను.

రాయడం అయిపోయింది.

ఆగస్టు 11, గురువారం

కోదాడ పోదామని బస్సెక్కాను. బూట్లు కొనాలి, పాతవి వేసుకోబుద్ధి కావట్లేదు. ఊరు దాటాక ఎవరో ముసలాయన దిగాడు. కండక్టర్ బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. దబ్, దబ్.

“క్లియర్!” అని అరిచాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను అన్నట్టు నాకే తెలియదు. పక్కనామె పిల్లను అటువైపు జరుపుకుంది.

“ఏమైందే తమ్మీ? దిగుతవా?” అన్నాడు కండక్టర్.

దిగిపోయాను. అక్కడ స్టాపు కూడా లేదు. పత్తి చేలు, పైన సిమెంటు దుమ్ము. నడుచుకుంటూ తిరిగి వచ్చాను. ఏడు కిలోమీటర్లలో నాలుగు బస్సులు, పదకొండు ఆటోలు పోయాయి. ఏ బస్సు ఆగినా చెవులు మూసుకున్నాను.

ఆగస్టు 13, శనివారం

పర్సనెల్ ఆఫీసుకు పిలిచారు. పర్సనెల్ మేనేజరు గోపీకృష్ణ సారు కుర్చీ వేయించాడు. మూడేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు. చాయ్ కూడా తెప్పించాడు. గాజు గ్లాసులో.

ఒక కాగితం ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది.

“ఏం లేదు బెంజమిన్. నువ్వు చెప్పిందే రాసినం. ఇరవై తారీఖు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తడు, గా లోపట సంతకం గావాలె.”

“సదువుత సార్.”

నవ్వాడు. “సదువు సదువు.”

నాకు అర్థం కాదనుకున్నాడు. వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాను. భిక్షపతి తొట్టి నుంచి బయటికి వచ్చాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా తనంతట తానే మళ్లీ దిగాడు. గ్యాంగ్ లీడర్ బెంజమిన్ తన పని నిబంధనల ప్రకారం చేశాడు. రమ మేడం పేరు లేదు. కృష్ణకాంత్ సారు పేరు లేదు. సెట్టులో గొడవ లేదు.

“కాక బయటికొచ్చినట్టు నేనెప్పుడు చెప్పిన సార్?”

ఆయన నవ్వు ఆగింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“జర ఆలోచించు. ఆయన బయటికి రాలేదంటే, క్లియర్ అన్నది ఎవరు? రికార్డుల నీ గొంతే ఉన్నది కదా. గీ కాగితం నిన్ను కాపాడ్తాంది. అక్టోబర్ల పర్మినెంటు లిస్టు వస్తాంది, నీ పేరు కింద నేను పెన్ను పెట్టే ఉన్న. పోయినోడు పోయిండు. ఉన్నోడు ఉండాలె గద.”

ఆలోచించి చెప్తానన్నాను. అక్కడే చింపేయాల్సింది. చింపలేదు. చాయ్ మొత్తం తాగే లేచాను. థూ.

ఆగస్టు 14, ఆదివారం

చర్చి విడిచాక కాక ఇంటికి వెళ్లాను. ఇన్నాళ్లు వెళ్లలేదు. కాక భార్య సుక్కమ్మ చిన్నమ్మ గడపలో కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు ఆయన సామాను ఒక గోనెసంచిలో వేసి పంపారట. టిఫిన్ డబ్బా, హెల్మెట్, సుత్తె.

మెర్సీ నర్సింగ్ కాలేజీ నుంచి వచ్చి ఇక్కడే ఉంది. ఏడవలేదు. సంచిలోంచి సుత్తె తీసి నా ముందు పెట్టింది.

“ఒక్కటే అడుగుత అన్నా. రెండు దెబ్బలు ఇనబడ్డయా?”

“ఆఁ,” అన్నాను.

“నిజంగనే?”

“ఇనబడ్డయి.”

“మరి బయటికొచ్చినోడు మల్ల ఎందుకు దిగిండు?”

నా నోరు నాకంటే ముందే పోయింది. “గడ్డపార మర్చిపోయిండనుకుంట.”

చిన్నమ్మ తల ఎత్తింది.  ఒక్కసారిగా లేచి సంచిని కాలితో తన్నింది.

“గడ్డపార కోసమా? ఇనుప తుక్కు కోసం పానం ఇచ్చినవా? ఇంట్ల పెండ్లాం బిడ్డ యాదికి రాలేదా నీకు? కంపెనీ గడ్డపార యాదికొచ్చిందా?”

ఆయన్నే తిడుతోంది. చనిపోయినాయన్ని. పేరు పెట్టి, ఆయన అవ్వ పేరు పెట్టి, ఆయన తిన్న తిండి పేరు పెట్టి. ఇరుగుపొరుగు వచ్చి నిలబడ్డారు. అవునే, ఆయనకు మొండి ఎక్కువనే, అని ఎవరో అన్నారు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాదని అనలేదు.

ఆగస్టు 15, సోమవారం

జెండా ఎగరేశారు. లడ్డు ఇచ్చారు. గేటు దగ్గర బోర్డు కొత్తగా తుడిచారు: ప్రమాదం జరగని రోజులు, 18.

ఆగస్టు 16, మంగళవారం

బస్టాండులో రమ మేడం కనిపించింది. రెండు సూట్‌కేసులు. వేరే ప్లాంటుకు పంపించేశారట, ఇన్‌స్పెక్టర్ రాకముందే. ఇప్పుడు భువనగిరి, తల్లిగారింటికి.

నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. తనే పిలిచింది.

“బెంజమిన్, నువ్వెట్ల క్లియర్ అన్నవయ్యా? నేను లోపట దిగినోళ్ల ట్యాగులు లెక్కపెట్టేదాక ఆగుండ్రి అని మొత్తుకుంటనే ఉన్న కదా.”

“కృష్ణకాంత్ సారు ఔట్ అన్నడు కద మేడం.”

“ఎప్పుడన్నడు?”

“సెట్టుల. మీరు మాట్లాడ్తాంటె. గట్టిగ. ఔట్ అని.”

ఆమె సూట్‌కేసు మీద కూర్చుంది. 

“ఔట్ అనలేదు. ‘ఐ ఔట్‌ర్యాంక్ యూ’ అన్నడు. నన్ను. నీకంటే నేను పెద్ద ఆఫీసర్ని, నువ్వు నోరు మూసుకో అని.”

నాకు ఆ మాట తెలియదు. స్పెల్లింగ్ అడిగాను. ఆమె బస్ టికెట్టు వెనక రాసిచ్చింది.  

“ఇరవై తారీఖు అడుగుతరు నిన్ను. ఏం చెప్తవు?” అంది.

బస్సు వచ్చింది. సామాను పైకి అందించాను. కండక్టర్ రేకు మీద చెయ్యి ఎత్తగానే, దెబ్బలు పడకముందే, నేను పరుగెత్తాను.

ఆగస్టు 17, బుధవారం

ఈ రోజు మాట: ఔట్‌ర్యాంక్. ఒకరికంటే పై హోదాలో ఉండడం. ఒకదానికంటే ముఖ్యం కావడం.

డిక్షనరీలో ఇది క్రియ అని ఉంది. క్రియ అంటే చేసే పని కదా. ఇందులో చేసేది ఏముంది? తవ్వడం, మోయడం, పొడవడం క్రియలు. దీనికి చెమట పట్టదు. కుర్చీలో కూర్చునే ఔట్‌ర్యాంక్ చేయవచ్చు. పండుకుని కూడా చేయవచ్చు. చేతికి మట్టి అంటని క్రియ ఇదొక్కటే చూశాను.

1. కృష్ణకాంత్ సారు రమ మేడంను ఔట్‌ర్యాంక్ చేస్తాడు.

2. గంటకు ఇన్ని టన్నులు అనే లెక్క ఒక మనిషి ఊపిరిని ఔట్‌ర్యాంక్ చేస్తుంది.

3. ఆఫీసర్ల కాలనీ కుక్క కాంట్రాక్టు కూలీని ఔట్‌ర్యాంక్ చేస్తుంది. దానికి నీడ ఉంది, డాక్టరు ఉన్నాడు.

4. ఇంగ్లీషు కాగితం, చనిపోయినవాడి పేరును ఔట్‌ర్యాంక్ చేస్తుంది.

5.

ఆగస్టు 18, గురువారం

ఔట్ అనలేదు. ఔట్‌ర్యాంక్ అన్నాడు. అంటే తప్పు పూర్తిగా వాడిదే. సగం మాట విని మోసపోయినవాణ్ని నేను. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పని మాటకు నేనెట్లా జవాబుదారీ? కృష్ణకాంత్ గల్లా పట్టుకుని అడుగుతాను.

ఇది తెలిశాక ఆకలేసింది. మూడు వారాల తర్వాత. గుర్వమ్మ హోటల్లో నాలుగు పూరీలు తిన్నాను. ఐదోది తెమ్మన్నాను.

గుర్వమ్మ గంటెకు అంటిన నూనె దులపడానికి కడాయి అంచుకు రెండుసార్లు కొట్టింది.

తిన్నదంతా వాంతి చేసుకున్నాను. వీపు మీద రాస్తూ గుర్వమ్మ అంది, “ఎవల్ని యాది చేసుకుంటానవ్ బిడ్డా, గింత బాధగ?”

ఆగస్టు 19, శుక్రవారం

ఐదో వాక్యం రావట్లేదు.

నేను భిక్షపతి కాకను ఔట్‌ర్యాంక్

కొట్టేశాను. తప్పు వాక్యం కాదు. కానీ రావలసింది అది కాదు.

ఆగస్టు 20, శనివారం

పెద్ద మీటింగు హాలు. ఏసీ. ఇన్‌స్పెక్టర్ నడిమి కుర్చీలో, పక్కన గోపీకృష్ణ సారు, కృష్ణకాంత్ సారు. మూలన టైపు చేసే అమ్మాయి, హరిత అని పిలిచారు. కృష్ణకాంత్ సారు కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేడు. నేను అనుకున్న మొహం కాదది. గల్లా పట్టుకోవాలనిపించలేదు. అందుకు కూడా కోపం వచ్చింది.

కాగితం మీద సంతకం ఎందుకు లేదని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఇంగ్లీషులో.

“అది అబద్ధం సార్. తెలుగుల చెప్త.”

“తెలుగులోనే చెప్పు.”

“మొదలు సెట్టు సంగతి. రమ మేడం ఆగమన్నది. కృష్ణకాంత్ సారు ‘ఐ ఔట్‌ర్యాంక్ యూ’ అన్నడు. నాకు ఔట్ అన్నంత మట్టుకే ఇనబడ్డది. మనిషి బయటికొచ్చిండనుకున్న.”

కృష్ణకాంత్ సారు బల్ల మీది నీళ్ల గ్లాసునే చూస్తున్నాడు. అన్నానని అనలేదు. అనలేదని కూడా అనలేదు.

గోపీకృష్ణ సారు అందుకున్నాడు. “చూసిండ్రా సార్, పిలగాడు పొరపాటు పడ్డడు. వినికిడి పొరపాటు. ఎవరి తప్పు లేదు.”

అక్కడ ఊరుకోవచ్చు. ఊరుకుంటే నాకు ఉద్యోగం ఉండేది, నా గురించి నేను రాసుకున్న పేజీలన్నీ నిజమయ్యేవి.

“వినికిడి కాదు సార్,” అన్నాను. “ఆయన సుత్తె బయట తీగకు ఏలాడుతనే ఉన్నది. అది ఏలాడుతాందంటె మనిషి లోపటున్నట్టు. బయటికొస్తె తీసి రెండు దెబ్బలు కొడ్తడు. దెబ్బలు పడలే. నేను సుత్తె దిక్కు చూసిన. ఇంక కొట్టలేదే అనుకున్న. మల్ల అనుకున్న, ఇంగ్లీషుల వచ్చింది కద, సారు చెప్పిండు కద, గీ ముసలాయన సుత్తెదేముందని. చూస్తనే క్లియర్ అన్న.”



“రెండు దెబ్బలు అనేది ఏ రూలు బుక్కులో ఉంది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఏ బుక్కుల లేదు సార్. పందొమ్మిదేండ్లు తప్పలే.”

హరిత టైపు చేసింది నాకు ఇచ్చారు. వేలు పెట్టి చదివాను. ఒకచోట ఆగాను. ‘ఆఫ్టర్ హియరింగ్ టూ నాక్స్’ అని ఉంది. రెండు దెబ్బలు విన్న తర్వాత. కావాలని చేసిందో, అలవాటుగా వేళ్లు అటు పోయాయో తెలియదు. ఆ ఒక్క మాటతో కాక మళ్లీ బయటికి వచ్చి, మళ్లీ తనంతట తానే దిగుతాడు.

“మేడం, ఆఫ్టర్ గాదు. వితౌట్.”

గోపీకృష్ణ సారు నన్ను కొత్తగా చూశాడు. హరిత దిద్దింది. వితౌట్ హియరింగ్ టూ నాక్స్. రెండు దెబ్బలు వినకుండానే. ఆ మాటలో కూడా ఔట్ ఉంది. సంతకం పెట్టాను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఐలేశం నా పాసు తీసుకున్నాడు. “పైనుంచి ఫోనొచ్చింది తమ్మీ. నా మీద కోపం చేయకు,” అన్నాడు. చేయలేదు. బోర్డు మీద 23 ఉంది.

ఆగస్టు 21, ఆదివారం

చర్చికి పోలేదు. సరాసరి కాక ఇంటికి వెళ్లాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

“దెబ్బలు ఇనబడలే మెర్సీ. అబద్ధం చెప్పిన. కాక బయటికి రానేలే. గడ్డపార కోసం పోలే. నేనే క్లియర్ అన్న.”

సెట్టు సంగతి, తీగకు సుత్తె సంగతి, అంతా చెప్పాను. నిన్న చెప్పినంత సులువుగా రాలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు గొంతు గట్టిగానే ఉండింది.

చిన్నమ్మ లేచి నా ముందుకు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

“గడ్డపార కోసం పోలేదా?”

“పోలే చిన్నమ్మా.”

“వారం సంది తిడ్తాన్న రా ఆయన్ని. పొద్దున లేస్తె తిట్టుడే. పండుకునేముందు తిట్టుడే.” గోడ వైపు తిరిగింది. “ఏమయ్యా, ఇన్నవా? నువ్వు గడ్డపార కోసం పోలేదంటయ్యా.” కొంగు నోట్లో కుక్కుకుంది.

మెర్సీ గుమ్మం దాకా వచ్చింది. క్షమించానని అనలేదు, పొమ్మని అనలేదు.

“నా డిక్షనరీ ఉన్నదా నీ దగ్గర?”

“ఉన్నది.”

“తెచ్చియ్యి.”

గదికి పోయి తెచ్చిచ్చాను. ఔట్‌ర్యాంక్ ఉన్న పేజీలో రమ మేడం రాసిన టికెట్టు అలాగే ఉంది. ఆమె చూసింది. టికెట్టు తీయకుండా మూసేసింది.

సందు మొదలు దాకా వచ్చాక వెనక టక్, టక్ మని వినబడింది. కాళ్లు ఆగిపోయాయి. నోట్లోంచి ఏం రాలేదు. ఈసారి వెనక్కి తిరిగి చూశాను. మెర్సీ స్టూలెక్కి ఆ సుత్తెతోనే గోడకు మేకు దిగగొడుతోంది. చిన్నమ్మ కింద ఫోటో పట్టుకుని నిలబడింది. మేకు ఇంకా దిగలేదు.

మూడోది కూడా కొట్టింది.

డిక్షనరీ లేదు. దీనికి అక్కర్లేదు.

5. ఆ రోజు ఒక ఇంగ్లీషు మాట, నా కళ్ల ముందు వేలాడుతున్న భిక్షపతి కాక సుత్తెను ఔట్‌ర్యాంక్ చేసింది. చేయనిచ్చింది నేను.